బొక్కెనలు మ్రోగించిన సన్న్యాసినులు

అమెరికా దేశమున మార్చి నెల వచ్చినదనిన కాలేజి బంతియాటలను గూర్చిన చర్చలు పొయ్యిమీది పాలవలె పొంగుచుండును. బాస్కెట్‌బాల్ అనబడు బుట్టబంతి యాట యచ్చట నవంబరులో మొదలై చలికాలమంతయు సాగి మార్చి మొదటి దినములకు తుదకు వచ్చును. అంతట దేశములోని వందలకొలది కాలేజి జట్లలో 68 జట్లను మాత్రమే యేరి చివరి పోటీలకు పిలుతురు. ఆ పోటీలలో ఒక్క యాట యోడిన జట్టు పెట్టె సర్దుకొని యింటికి పోవలసినదే. తమ కాలేజికి పిలుపు వచ్చునా రాదా, వచ్చినచో నెన్నవ స్థానమున నిలుపుదురు, ఎదుట నెవరు పడుదురు అని భోజనపు బల్లలయొద్దను, కచ్చేరీలలోను, చాకలి యంత్రములయొద్ద బట్టలు వేసి నిలుచున్న చోటను గూడ తర్కించుకొనుచుందురు. తండ్రి యొక లెక్క చెప్పును. కూతురు మఱియొక లెక్క చెప్పును. ఆటను గూర్చి యేమియు నెఱుగని ముసలమ్మ కాగితముమీద గీసియిచ్చిన జోస్యమే యొక్కొక్క యేడు నిజమగుటయు గలదు.

ఈ చర్చలన్నిటిలో తప్పక వినవచ్చు ప్రశ్న యొకటి యున్నది. ఏడంతయు చక్కగా నాడిన జట్టు తుదివారములలో ఘోరముగా నోడిపోయినచో దాని నేమని తలంపవలెను? అది రోగము బయటపడుటయా, లేక యొక దినపు జ్వరమా? ‘జట్టు శక్తి యుడిగినది, ఇక నాశ వలదు’ అని కొందఱందురు. ‘ఓటమి ముందుగనే వచ్చి పోయినది, మంచిదే’ అని మఱికొందఱందురు. ఇరుపక్షములవారును తమతమ జ్ఞాపకములనుండి యుదాహరణములు తీయుదురు. నాకు మాత్రము ఈ ప్రశ్న విన్నప్పుడెల్ల 1972వ సంవత్సరమున పెన్సిల్వేనియా రాష్ట్రములోని యొక చిన్న స్త్రీల కాలేజి జ్ఞప్తికి వచ్చును. ఆ కథలో ఆడిన బాలికలెంతటివారో, కూర్చుండి చూచినవారును అంతటివారే. ఆ చూచినవారు సన్న్యాసినులు.

ఈ యాట పుట్టుకయందే స్త్రీలకు పాలు కలదని మన సోదరీమణులలో చాలమంది యెఱుగరు. 1891 డిసెంబరులో స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున జేమ్స్ నెయిస్మిత్ అను వ్యాయామోపాధ్యాయుడు పీచు పండ్ల బుట్టలను గోడకు కొట్టించి ఈ యాట కల్పించెను. మఱుసటి యేడే సమీపముననున్న స్మిత్ కాలేజిలో సెండా బెరెన్సన్ అను ఉపాధ్యాయిని దానిని తన విద్యార్థినులకు నేర్పెను. అయితే ఆడుపిల్లలు అలసిపోవుదురనియు, మొరటుదనము వచ్చుననియు భయము. అందుచే ఆమె యాటస్థలమును మూడు భాగములుగా విభజించి యెవరి భాగములో వారే నిలువవలెనని నియమించెను. ఎదుటివారి చేతిలోని బంతి లాగికొనరాదు. మూడు సెకండ్లకు మించి బంతిని పట్టుకొనరాదు.

1896 ఏప్రిల్ 4వ తేదీన శాన్‌ఫ్రాన్సిస్కోలో స్టాన్‌ఫర్డు, బర్క్‌లీ విద్యార్థినులు మొదటిసారిగా రెండు కాలేజీల నడుమ ఈ యాట నాడిరి. పక్షమునకు తొమ్మండుగురు. స్టాన్‌ఫర్డువారు 2–1తో గెలిచిరి. పాకము చవి చూచినట్లున్న ఆ లెక్క చూచి నవ్వవలదు. నాటి నియమములతో బుట్టలో బంతి వేయుటయే గొప్ప. చూడ వచ్చినవా రైదువందలకు పైబడిన స్త్రీలు. పురుషులకు ప్రవేశము లేదు. అనగా కాలేజీల నడుమ స్త్రీల బుట్టబంతికి మొట్టమొదటి యభిమానులు స్త్రీలే, వేఱొకరు కారు.

ఇక అసలు కథకు వత్తును. ఫిలడెల్ఫియా నగరమునకు పడమట నిరువది మైళ్ల దూరమున నొక మిట్టపై ఇమ్మాక్యులేటా కాలేజి యున్నది. నిష్కళంక మరియమాత హృదయమునకు సేవికలమని పేరు పెట్టుకొన్న సన్న్యాసినులు 1920లో దానిని స్థాపించిరి. విజయవాడ మేరీస్ స్టెల్లాలోనో, హైదరాబాదు సెయింట్ ఫ్రాన్సిస్‌లోనో చదివిన మన యాడపడుచులకు అట్టి కాలేజి యెట్లుండునో చెప్పనక్కఱలేదు: నిడుపైన నడవలు, ప్రార్థనాలయపు గంట, మెత్తగా నడచుచు నంతయు గనిపెట్టుచుండు సిస్టర్లు. విద్యార్థినులు వేయిమందికి లోపు. పెక్కురు ఫిలడెల్ఫియా నగరపు సామాన్య కేథలిక్కు కుటుంబముల బిడ్డలు. ఆ నగరపు కేథలిక్కు బడులలో బాలికల బుట్టబంతి పందెములు ఎన్నో యేండ్లనుండి యుద్ధమువలె సాగుచుండెడివి. అందుచే కాలేజిలో చేరునాటికే వారి చేతులకు బంతి యలవాటు. ధనము లేని యా కాలేజికి అడుగకయే లభించిన యాస్తి యిదియే.

1967లో కాలేజి ఆటశాల కాలి బూడిదయైనది. క్రొత్తది వచ్చువఱకు సన్న్యాసినీ దీక్ష నొందబోవు కన్యలు నివసించు భవనపు నేలమాళిగలో సాధన చేయవలసివచ్చెను. 1970లో కాథీ రష్ అను, పట్టుమని పాతికేండ్లయినను నిండని యువతిని శిక్షకురాలిగా కుదుర్చుకొనిరి. ఏడాదికి జీతము 450 డాలర్లు. ఆమె భర్త వృత్తిగా నాడు పురుషుల పందెములలో తీర్పరి. పురుషుల యాటలో గల యెత్తుగడలను, మైదానమంతయు ఎదుటివారి నడ్డగించుచు నూపిరి సలుపనీయని పద్ధతిని ఆమె యీ బాలికలకు నేర్పెను. అదృష్టవశమున కాలమును కలిసివచ్చెను. అంతవఱకు స్త్రీల యాట పక్షమునకు ఆరుగురితో, సగము మంది యొక దిక్కున, సగము మంది వేఱొక దిక్కున నిలిచి సాగెడిది. 1971లో ఆ పద్ధతి తీసివేసి పురుషులవలెనే ఐదుగురు మైదానమంతయు పరుగెత్తు నియమము పెట్టిరి. బెరెన్సనమ్మ గీచిన గీతలు చెఱిగిపోవుటకు దాదాపు ఎనుబదియేండ్లు పట్టినది!

జట్టులో ముఖ్యురాలు థెరిసా షాంక్. ఆమె దూరముననున్న మఱియొక కాలేజికి పోవలసినది. బయలుదేఱుటకు ముందే వారి యిల్లు అగ్నికి ఆహుతియైనది. తల్లిదండ్రులను విడిచి పోలేక యింటికి చేరువయని ఇమ్మాక్యులేటాలో చేరినది. ఆటశాల కాలి యొకటి, ఇల్లు కాలి యొకటి: రెండగ్నుల నడుమ నీ జట్టు పుట్టినదని చెప్పిన నతిశయోక్తి కాదు. ఆడువారి వేషమును చెప్పవలెను. మడతలు మడతలుగా కుట్టిన నీలిరంగు ఉన్ని గౌనులు! చెమటకు తడిసిన ఉన్ని యెంత బరువెక్కునో యుతికినవారి కెఱుక.

చూడవచ్చు సన్న్యాసినుల మాట. తలమీద ముసుగు, మెడలో సిలువ, నేల నంటు అంగీ ధరించి వరుసగా కూర్చుండు ఆ తల్లులు పందెము మొదలైనంతట మఱియొక మనుష్యులై పోయెడివారు. జట్టులోని రీన్ మ్యూత్ అను బాలిక తండ్రికి ఇనుపసామానుల యంగడి కలదు. ఆయన యొకనాడు రేకుబొక్కెనలను, గుండ్రని కఱ్ఱముక్కలను తెచ్చి ప్రేక్షకులకు పంచిపెట్టెను. అంతే! ఒక్కొక్క బుట్టకు బొక్కెనలమీద దెబ్బలు పడసాగెను. మన యూళ్లలో గ్రహణము పట్టినప్పుడు పళ్లెములు మ్రోగించుట చూచినవా రా సందడి నూహింపగలరు. కాని నాలుగు గోడల నడుమ పైకప్పు క్రింద నూరు బొక్కెనలు మ్రోగిన నెట్లుండునో యూహింపుడు. ఎదుటి జట్టువారు చెవులు మూసికొనుచుండిరి. పందెమునకు ముందు బాలికలు కలిసి ప్రార్థించు నలవాటు కలదు. ఆ ప్రార్థనలోని మాటలనే తరువాత నొక రచయిత్రి ఈ జట్టుపై 2003లో వ్రాసిన గ్రంథమునకు పేరుగా పెట్టినది.

నాకు ముచ్చట గొలుపు సంగతి యొకటి యిక్కడ కలదు. ఆ సన్న్యాసినులలో ననేకులు తాము బాలికలుగా నున్నపు డీ యాట నాడినవారే. దీక్ష పుచ్చుకొని బంతిని విడిచిరి కాని బంతి వారిని విడువలేదు. లెక్కల పంతులమ్మగానో, చరిత్ర పంతులమ్మగానో యుండి యేండ్లకొలది నణచియుంచుకొన్న యుత్సాహమును ఒక రేకు బొక్కెన బయటికి తెచ్చినది.

1971–72 ఋతువంతయు ఇమ్మాక్యులేటావారు ఒక్క యాటయు నోడలేదు. చుట్టుపట్ల కాలేజీలన్నింటిని గెలిచి మార్చిలో తమ ప్రాంతపు పోటీలకు పోయిరి. అక్కడ చివరి యాటలో వారి కెదురైనది వెస్ట్ చెస్టర్. పది మైళ్ల దూరములోని పొరుగు కాలేజి యది. ఉపాధ్యాయులను తయారుచేయు ప్రభుత్వ కాలేజి, వ్యాయామవిద్యకు పేరుపడినది, 1969లో స్త్రీల కొఱకు దేశములో మొదటి ఆహ్వాన పోటీలను తానే నడపి తానే గెలిచినది. కాథీ రష్ తానును అచ్చటనే చదివినది. ఆ పందెములో వెస్ట్ చెస్టర్‌వారు 70, ఇమ్మాక్యులేటావారు 38. ముప్పదిరెండు పాయింట్ల తేడా! ఓటమియనుటకంటె నిది నలుగుట యనుట సమంజసము.

ఆనాటి యీ లెక్కను కాగితముమీద పెట్టుకొని చూచినవా రెవరైనను ఏమని తేల్చియుందురు? అంతవఱకు గెలిచినవన్నియు చిన్న చిన్న జట్లమీది గెలుపులే యనియు, నిజమైన బలవంతులు తగిలినంతనే గుట్టు బయటపడినదనియు తేల్చియుందురు. పోటీలు నడపువారును అట్లే తలంచిరి. దేశమంతటినుండి పదునాఱు జట్లను ఇలినాయి రాష్ట్రమునకు పిలిచి, ఇమ్మాక్యులేటాకు పదునైదవ స్థాన మిచ్చిరి. ఆ క్రింద నొక్కటే జట్టు. ఇమ్మాక్యులేటా వంటి కాలేజికి ఈ పిలుపే ఘనమని, ఖర్చు పెట్టి అంతదూరము పోయి తిరిగి యోడుట యెందులకని యెవరైన పలికియున్నను తప్పు పట్టలేము.

ఖర్చన్న మాట వట్టి మాట కాదు. చేతిలో ధనము లేదు. బాలికలు పండ్లు తోముకొను బ్రష్షుల వంటి చిల్లర వస్తువు లమ్మి కొంత కూడబెట్టిరి. ఐనను జట్టులోని వారందఱికిని టిక్కెట్లు చాలలేదు. ఎనమండుగురిని మాత్రమే తీసికొనిపోవుటకు నిశ్చయించిరి. అదియు నిశ్చయమైన చోట్లు గల టిక్కెట్లపై కాదు; విమానములో చోటు మిగిలిన నెక్కుడు, లేనిచో వేచియుండుడు అను చౌక టిక్కెట్లపై. ఇంటివద్ద మిగిలిపోయిన బాలికల మనసులు ఎట్లుండెనో నేను వ్రాయనక్కఱలేదు; పెండ్లికి బండిలో చోటు చాలదని విడువబడిన పిల్లను చూచిన తల్లి కది తెలియును.

మార్చి 16 మొదలు 19 వఱకు నాలుగు దినములు, నాలుగు పందెములు. ఎనమండుగురితో ఈ నాలుగును ఆడవలెను. మొదటిదినము సౌత్ డకోటా స్టేట్ కాలేజిని 60–47తో గెలిచిరి. రెండవదానిలో ఇండియానా స్టేట్ కాలేజిపై 49–47. ఒక్క బుట్ట తేడా. మూడవదానిలో ఎదురైనవారు మిసిసిపి రాష్ట్ర స్త్రీల కాలేజివారు. గడచిన యేడు జాతీయ విజేతలు వారే. ఇమ్మాక్యులేటావారు 46–43తో గెలిచిరి. పాయింట్లు చూచిన తెలియును. బుట్టలు విరివిగా పడలేదు, ఎదుటివారిని పడనీయలేదు. ఇట్టి యాటలలో చక్కదనముకంటె మొండితన మెక్కువ.

నాలుగవదినము చివరి పందెమునకు ఎదుట నిలిచినది మఱల వెస్ట్ చెస్టర్!

పదిమైళ్ల దూరమున నుండు పొరుగువారు, దేశములో చాల దూరము దాటి వచ్చి, తుది పోటీలో నెదురెదుట నిలిచిరి. అత్తవారింటికి వచ్చిన చోటను పుట్టింటి పొరుగమ్మయే తగవునకు ఎదురైనట్లున్నది. కొలది దినముల క్రిందటి 70–38 లెక్క రెండు జట్ల మనస్సులలోను నుండియే యుండును. ఒకరికది ధైర్యము, ఒకరికది గాయము. ఆ సాయంకాలము ఇమ్మాక్యులేటావారు 52, వెస్ట్ చెస్టర్‌వారు 48. పదునైదవ స్థానపు జట్టు దేశమంతటికి మొదటిదైనది. వారు తిరిగి వచ్చిన విమానమునకు ఫిలడెల్ఫియాలో ఎదురుగా గొప్ప జనసమూహము నిలిచియుండెను.

మొదటి ప్రశ్న నిపుడు తిరిగి చూతము. ముప్పదిరెండు పాయింట్ల ఓటమి అబద్ధమా? కాదు. ఆ దినమున వెస్ట్ చెస్టర్ నిజముగనే అంత మేలుగా నాడినది. కాని యొక పందెములో తేడా పదియా, ముప్పదియా యనునది జట్టు బలమును గాక, పందెము చేయిజాఱిన తరువాత మనసు విఱుగుటను చూపును. ఆటగత్తెలు ఒకరిచేతి పోకడ నొకరు చూచుకొనుటకు అట్టి పందెము కన్న మంచి పాఠమును లేదు. రెండవమాఱు కలిసినప్పుడు ఓడినవారికి నేర్చికొనవలసిన దెంతయో కలదు, గెలిచినవారికి నేర్చికొనవలసినది కనబడదు. మఱియు ఐదుగురి యాట దేశమందఱికిని ఆ యేడే క్రొత్త. పాత లెక్కలతో స్థానములు నిర్ణయించినవారు పొరపడుటలో వింత లేదు. అయినను ఓడిన ప్రతి జట్టుకు ఇమ్మాక్యులేటా కథ చెప్పి యూరడించుట నాకు సమ్మతము కాదు. తుదివారములలో నోడి, పోటీలలో మఱల నోడి యింటికి వచ్చిన జట్ల కథలు వేలకొలది కలవు. వానిని పుస్తకములుగా నెవరును వ్రాయరు.

మఱుసటి యేడు 1973లో వీరు ఒక్కటియు నోడక మరల గెలిచిరి. ఆ యేటి పోటీలో చివరి పందెమునకు ముందటిదానియందు ఆఖరి క్షణమున బుట్ట అంచునుండి మఱలిన బంతిని థెరిసా షాంక్ లోనికి తట్టినది. 47–46తో గండము గడచెను. చివరి పందెమున క్వీన్స్ కాలేజిని 59–52తో నోడించిరి. 1974లో మూడవసారియు గెలిచిరి. 1975 జనవరి 26న మేరీలాండు విశ్వవిద్యాలయముతో వారాడిన పందెము దేశమంతటికి టెలివిజనులో చూపబడిన మొదటి స్త్రీల కాలేజి పందెము; 80–48తో గెలిచిరి. ఫిబ్రవరి 22న న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెనులో క్వీన్స్‌వారితో ఆడిరి. అచ్చట అంతవఱకు స్త్రీల కాలేజి పందెము జరుగలేదు. చూచినవారు పండ్రెండువేలకు కొంచెము తక్కువ. ఇమ్మాక్యులేటా 65, క్వీన్స్ 61.

అంతటితో వెలుగు తగ్గసాగెను. కారణము వింతగా నుండును. 1972 జూన్ 23న, అనగా ఆ మొదటి గెలుపునకు మూడునెలలకే, అమెరికాలో నొక చట్టము వచ్చెను. ప్రభుత్వ ధనము పుచ్చుకొను విద్యాలయములలో బాలురకు, బాలికలకు భేదము చూపరాదని దాని సారము. దానివలన స్త్రీల యాటలకు ధనమును, శిక్షకులను, మంచి శాలలను ఇయ్యక తప్పలేదు. 1973 నుండి ఆటగత్తెలకు విద్యార్థి వేతనములును ఇయ్యవచ్చునైరి. పెద్ద విశ్వవిద్యాలయములు మేల్కొనినవి. ఇమ్మాక్యులేటావారు అట్టి వేతనము లియ్యలేదు. బ్రష్షులమ్మి విమానమెక్కిన కాలేజి వానితో సరితూగుట యెట్లు? 1975లోను, 1976లోను చివరి పందెములలో మిసిసిపిలోని డెల్టా స్టేట్ జట్టు చేతిలో నోడిరి. 1977లో కాథీ రష్ కొలువు వీడెను. ఆమె కాలములో 149 గెలుపులు, 15 ఓటములు. స్త్రీలకు న్యాయము చేయవచ్చిన చట్టము స్త్రీలే నడపుకొన్న చిన్న కాలేజిని వెనుకకు నెట్టినది. చట్టము రాకున్న బాగుండెడిదని నేననను. వేలకొలది బాలికలకు దానివలన చదువును, ఆటయు దొరకినవి. కాని యీ లెక్కలోని యీ యొక్క నష్టమును వ్రాయక విడుచుట ధర్మము కాదు.

ఆ యెనమండుగురి తరమువారు ఊరక కూర్చుండలేదు. థెరిసా షాంక్ వివాహానంతరము గ్రెంట్జ్ అను పేరుతో శిక్షకురాలై పేరుగాంచెను. 1973, 1974 జట్లలో నాడిన మారియాన్ స్టాన్లీ వర్జీనియాలోని ఓల్డ్ డొమినియన్ జట్టును 1979, 1980, 1985 సంవత్సరములలో జాతీయ విజేతగా చేసినది. వీరిరువురిని 2022లో స్ప్రింగ్‌ఫీల్డులోని బుట్టబంతి కీర్తిమందిరమున చేర్చిరి. కాథీ రష్‌కు 2008లోను, జట్టంతటికి 2014లోను ఆ గౌరవము దక్కినది. నెయిస్మిత్ బుట్టలు కట్టించిన పట్టణమది. వీరి కథపై 2011లో నొక చలనచిత్రమును విడుదలయైనది.

నేటి మార్చి చర్చలలో స్త్రీల జట్ల పేర్లు పురుషుల జట్ల పేర్లతో సమానముగా వినవచ్చుచున్నవి. 2024 ఏప్రిల్ 7న సౌత్ కెరోలినా జట్టు అయోవా జట్టును 87–75తో గెలిచిన చివరి పందెమును టెలివిజనులో సగటున ఒక కోటి ఎనుబదితొమ్మిది లక్షలమంది చూచిరి. ఆ యేటి పురుషుల చివరి పందెమును చూచినవారు దానికంటె నలువది లక్షలు తక్కువ. పురుషులను రానీయక తలుపులు మూసిన 1896 నాటి యాటకు ఇది మనుమరాలు.

ఇమ్మాక్యులేటాలో 2005 నుండి బాలురనుగూడ చేర్చుకొనుచున్నారు. వారికిని నొక బుట్టబంతి జట్టు కలదు.